మే నెలలో డేరా వేసి ఒక రాత్రి: కంభం చెరువా, సోమశిలా, ఉదయగిరా?

పెన్నాగట్టు | ఏప్రిల్ 24, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. హైదరాబాదులో ఉండే మా బావమరిది ఈ సెలవులకు వస్తూ ఆరుగురు పట్టే డేరా ఒకటి కొనుక్కొని వస్తున్నాడు. కొన్నాడు కాబట్టి ఎక్కడో ఒకచోట వేయాలి, అదీ సంగతి. మే రెండో వారం దాటాక రెండు రోజులు ఖాళీ ఉంది. నేను, నా భార్య, పదకొండేళ్ళ కూతురు, ఏడేళ్ళ కొడుకు, బావమరిది, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తయ్య. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. పైగా ఈ ఆలోచన మీద ఏమాత్రం నమ్మకం లేదు. "ఇల్లూ వాకిలీ ఉండి చెట్టు కింద పడుకోవడం ఏం ఖర్మ" అంటున్నారు.

నా మనసులో ఉన్నవి సోమశిల, కంభం చెరువు, ఉదయగిరి. ఏదీ కుదరకపోతే మైపాడు. నీళ్ళు కనబడాలి, కొండ కనబడాలి, కారు పోవాలి. వెళ్ళి వచ్చినవాళ్ళు చెప్పండి. ఏ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందన్న చర్చ మాత్రం వద్దు. ఉమ్మడి నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం అనుకుందాం.

ఇసుకదారి | ఏప్రిల్ 24, రాత్రి 9:52

మే నెలలో డేరా అంటే ఇడ్లీ పాత్ర. ఇడ్లీల బదులు లోపల మీరు కూర్చుంటారు, తేడా అంతే.

రెండేళ్ళ కిందట నలుగురు స్నేహితులం సోమశిల జలాశయం ఒడ్డున వేశాం. రాత్రి పదకొండు దాకా రాళ్ళు వేడి చిమ్ముతూనే ఉన్నాయి. నేల మీద చెయ్యి పెడితే అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. ఒంటిగంటకు కాస్త గాలి తిరిగింది. అయిదున్నరకు తెల్లారింది, ఏడు కొట్టేసరికి డేరాలో ఉండలేక బయటపడ్డాం. అంత హంగామాకు దక్కిన నిద్ర నాలుగు గంటలు.

ఇంకో మాట. వేసవిలో జలాశయం ఫొటోల్లో చూసినట్టు ఉండదు. నీరు ఎక్కడో వెనక్కి తగ్గిపోయి, మీకూ దానికీ మధ్య ఎండిన ఒండ్రు ఉంటుంది. పైన పెంకు కట్టి, పలకలు పలకలుగా పగిలి, లారీ పోయేంత గట్టిగా కనిపిస్తుంది. మావాడొకడు నీళ్ళ దాకా నడుస్తానని బయల్దేరి ఇరవై అడుగులు వేశాడో లేదో, పెంకు విరిగి మోకాలి దాకా దిగబడ్డాడు. కిందంతా జిగురు బురద. ఇద్దరం పట్టి లాగితే కాలు వచ్చింది, చెప్పు రాలేదు. సోమశిల నిండితే 78 టీఎంసీలు అంటారు కదా, అవన్నీ ఇప్పుడు ఆ చెప్పు మీదే నిలుస్తున్నాయి. పిల్లలను ఆ ఒండ్రు మీదకు ఒక్క అడుగు కూడా వేయనివ్వకండి.

మైపాడు_అల | ఏప్రిల్ 24, రాత్రి 10:20

ఇంత దూరాభారం ఎందుకు? నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. సాయంత్రం నాలుగున్నరకు బయల్దేరి ఏడున్నరకు ఇంటికి రావచ్చు. డేరా మేడ మీద వేసుకోండి.

పెన్నాగట్టు | ఏప్రిల్ 24, రాత్రి 10:31

మేడ మీద వేయమని మా ఆవిడ ఇప్పటికే చెప్పింది. నవ్వకండి.

కంభం_మాస్టారు | ఏప్రిల్ 25, ఉదయం 6:05

నాయనా పెన్నాగట్టూ, ముప్పై ఏళ్ళు పలక పట్టించినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

కంభం చెరువును చెరువు అనుకొని వస్తే మోసపోతారు. దాదాపు ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ సందులోంచి జారిపోతూ ఉంటే, సరిగ్గా ఆ సందును చూసి కట్ట వేశారు. కొండలే గోడలయ్యాయి, మనిషి మూసింది ఆ వాకిలి ఒక్కటే. యంత్రాలు లేని రోజుల్లో ఆ చోటు ఎంచుకున్న కన్ను ఎవరిదో గాని, దానికి దండం పెట్టాలి. కట్టించింది వరదరాజమ్మ అని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య. అయిదు వందల ఏళ్ళుగా ఆ కింద పొలాలు తడుస్తున్నాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో దీన్ని చేర్చింది. మాకు ఆ సంగతి పేపర్లో చూశాకే తెలిసింది, అది వేరే విషయం.

ఇప్పుడు అసలు మాట. మే నెలలో ఇక్కడ చూడవలసింది స్థలం కాదు, గడియారం. పొద్దున అయిదింటికి కట్ట మీద ఉన్నవాడు చూసే కంభం వేరు, పదింటికి వచ్చినవాడు చూసే కంభం వేరు. పదింటికి వచ్చినవాడు ఎండను చూసి పోతాడు. మీరు ఎక్కడికి వెళ్ళినా సరే, తెల్లవారుజాము మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే మీవి. మిగతాదంతా సూర్యుడిది, అతనితో పేచీ పెట్టుకోకండి.

దుర్గం_మెట్లు | ఏప్రిల్ 25, ఉదయం 8:40

మాస్టారుగారి మాటకు అడ్డు చెప్పను గాని, కొండ కావాలంటే ఉదయగిరే. నెల్లూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు, ఆత్మకూరు మీదుగా వెళ్ళండి. కొండ ఎత్తు 3,079 అడుగులని పాత లెక్క. రంగనాయకుల గుడి, మసీదు, బురుజులు, అడుగడుక్కీ కోట గోడ. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని పట్టుకోవడానికి రాయలంతటివాడు 1513లో దిగి 1514 దాకా కిందే కూర్చున్నాడు. చివరకు దక్కింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి దానికోసం ప్రత్యేకంగా గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే ఉదయగిరి కృష్ణుణ్ణి చూడాలంటే ఉదయగిరి వాళ్ళం ఎగ్మూరు దాకా పోవాలి.

చీకటి ఉండగానే ఎక్కడం మొదలుపెట్టి, ఎండ ఎక్కకముందే దిగాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. పైన కోనేరు ఉందిలే అని ధీమాగా వెళ్ళకండి, ఈ కాలంలో దాని సంగతి చెప్పలేం. వెలిగొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, వేసవిలో నీళ్ళ కోసం అవీ మీలాగే వెతుకుతుంటాయి. రాత్రి పైన పడుకునే ఆలోచన మానుకోండి. మీ అత్తయ్యగారికి మాత్రం ఇది కుదరదు. ఆవిడను కింద ఊళ్ళో చెక్క గరిటెలు చేసే ఇళ్ళ దగ్గర కూర్చోబెట్టండి, పొద్దు తెలియదు. ఆ గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నర్ది చెక్కను ఆకురాయితో అరగదీస్తుంటే కొబ్బరి తురుములాంటి పొట్టు ఒళ్ళంతా పడుతుంది. స్పూను తల మీద పువ్వు చెక్కడానికి వాళ్ళు గీత కూడా గీసుకోరు. మా ఇంట్లో పదేళ్ళ కిందటి అట్లకాడ ఇంకా పనిచేస్తోంది, అంచు మాత్రం పెనానికి అలవాటుపడి ఒక పక్కకు అరిగింది.

ఇసుకదారి | ఏప్రిల్ 25, ఉదయం 9:02

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. గజపతితో రాయల కయ్యం ఉదయగిరిలో జరిగింది, వియ్యం కంభంలో చెరువై నిలిచింది. పెన్నాగట్టుగారూ, రెండు రోజులకు రెండూ సరిపోతాయి.

కంభం_మాస్టారు | ఏప్రిల్ 25, ఉదయం 9:30

ఈ మాట నాకు ముప్పై ఏళ్ళలో తట్టలేదు. బడిలో ఉండగా చెప్పి ఉంటే పిల్లలు మరిచిపోయేవాళ్ళు కాదు.

ఆవకాయజాడీ | ఏప్రిల్ 25, మధ్యాహ్నం 2:15

రాజులు అయిపోయారా? ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి మాట్లాడుకుందామా? ఇంతమంది ఇన్ని ఊళ్ళు చెప్పారు, ఒక్కరైనా మరుగుదొడ్డి ఎక్కడుందో చెప్పారా? అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళు వంగవు, రాత్రి రెండుసార్లు లేవాలి. జలాశయం ఒడ్డున ఏం చేస్తారు ఆవిడ? ఇబ్బంది పడలేక సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. మే నెలలో నీళ్ళు మానేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. మా పెద్దమ్మకు అలాగే వడదెబ్బ తగిలి రెండు రోజులు సెలైన్ ఎక్కించాం.

కాబట్టి తెలిసినవాళ్ళ తోట ఏదైనా చూసుకోండి. మోటారు, నీళ్ళు, తలుపున్న దొడ్డి, చుట్టూ కంచె. డేరా అక్కడ వేయండి, చెరువుకు తెల్లవారుజామున వెళ్ళండి. లేదంటే పెంచలకోన వెళ్ళి దేవస్థానం వసతి గదిలో దిగండి. కొండల నడుమ చల్లగా ఉంటుంది, నరసింహస్వామి గుడి, వెనక కోన. వైశాఖంలో బ్రహ్మోత్సవాలు కాబట్టి ఆ తేదీల్లో మాత్రం గది దొరకడం కష్టం.

తిండి గురించి కూడా చెబుతాను, ఎవరూ అడగలేదు గాని. పెరుగన్నం పెరుగుతో కలిపి తీసుకెళితే పదికల్లా పులుస్తుంది. అన్నం మెత్తగా ఉడికించి, గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి కలపండి. మధ్యాహ్నానికి డబ్బాలోనే తోడుకొని కమ్మగా ఉంటుంది. చింతపండు పులిహోర రెండు పూటలు నిలుస్తుంది. నిమ్మకాయ పులిహోర పొద్దున్నే తినేయాలి. చేపల పులుసు రాత్రి వండి మరునాడు తింటేనే రుచి, మామిడికాయ ముక్కలు వేస్తే ఇంకా. అయితే మట్టి దాకతో కారులో పెట్టకండి. మేం పెట్టాం. ఆ కారు అమ్మేసేదాకా పులుసు వాసనే.

మైపాడు_అల | ఏప్రిల్ 25, సాయంత్రం 5:48

చేపలు అన్నారు కాబట్టి ఒక మాట. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇప్పుడు రేవులో మీకు కనిపించే పెద్ద చేప ఎక్కువగా మంచులో ఉన్నదే. తెప్పల మీద దగ్గర్లో పట్టిన చిన్న చేప తాజాగా ఉంటుంది, అది అడగండి. లేదా చెరువు చేప, కొరమీను.

సముద్రం దగ్గరకు వచ్చేవాళ్ళకు మా ఊరి మాట ఇంకొకటి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందా, సాయంత్రం హాయి. పడమటి గాలి గట్టిగా కొట్టే రోజున ఆ గాలి ఒడ్డెక్కదు, ఆ రోజు సముద్రం పక్కనే ఉన్నా ఉడికిపోతాం. చెట్ల కొమ్మలు సముద్రం వైపు వంగుతుంటే ఇంటికి వెళ్ళిపోండి. అల మోకాలు దాటిన చోటుకు పిల్లలను పంపకండి. పైకి మెత్తగా ఉన్న చోటే కింద నీరు లోపలికి లాగుతుంది.

పలకాబలపం | ఏప్రిల్ 26, ఉదయం 7:20

మాది మార్కాపురం. నన్నడిగితే అడవిలోకి రండి. దోర్నాల దాటి శ్రీశైలం దారిలో ఎక్కడో ఒకచోట బండి పక్కకు ఆపి, నెగడు వేసుకొని, పైన నక్షత్రాలు చూస్తూ... అది కదా రాత్రంటే.

నల్లమల_బాట | ఏప్రిల్ 26, ఉదయం 7:41

పలకాబలపంగారూ, మీరు చెప్పిన చోటు నాగార్జునసాగర్ శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యం, దేశంలో విస్తీర్ణంలో అన్నిటికంటే పెద్దది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ దారిలో వాహనాలే పోనివ్వరు. బండి ఆపడం, నెగడు వేయడం ఎక్కడిది?

కోపంగా రాస్తున్నానని అనుకోకండి. కోపంగానే రాస్తున్నాను. మే నెలలో అడవి నేల చూశారా? ఆకు రాలి చీలమండ లోతు పేరుకొని ఉంటుంది. కింద బోద గడ్డి, దాని పక్కన ఎండు వెదురు. నాలుగేళ్ళ కిందట ఒక దారి పక్కన ఎవరో మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుకొని, నీళ్ళు చల్లి ఆర్పామనుకొని వెళ్ళారు. మేం వెళ్ళేసరికి కొండ సగం ఎక్కింది. కొమ్మలు విరిచి కొట్టుకుంటూ మరునాడు పొద్దెక్కేదాకా అక్కడే ఉన్నాం, అరికాళ్ళు బొబ్బలు. పొయ్యి రాళ్ళ మధ్య వాళ్ళు వదిలేసిన స్టీలు గరిటె మాత్రం నల్లగా మాడి, ఉన్నచోటే ఉంది.

అడవి చూడాలనుకుంటే తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ జీపులున్నాయి. చెంచు యువకులు దారి చూపిస్తారు. పొద్దున ఎక్కండి, పగలే బయటకు రండి.

పలకాబలపం | ఏప్రిల్ 26, ఉదయం 10:15

నాది తప్పే. ఇరవై ఏళ్ళ కిందటి సంగతి తలచుకొని రాశాను, అప్పట్లోనూ తప్పేనేమో. నెగడు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రాయశ్చిత్తంగా పనికొచ్చే మాట ఒకటి. మాలకొండ వెళ్ళాలనుకుంటే శనివారం తప్ప వెళ్ళకండి. స్వామి దర్శనం వారానికి ఆ ఒక్కరోజే. మేం మంగళవారం వెళ్ళి మూసిన తలుపుకు దండం పెట్టుకొని వచ్చాం. రాచర్ల దగ్గర నెమలిగుండ్ల రంగనాయకస్వామికీ శనివారమే జనం, మిగతా రోజుల్లో ఊళ్ళో కనుక్కొని కదలండి.

రెండోపెట్టె | ఏప్రిల్ 26, రాత్రి 8:30

అందరూ కారులోనే పోవాలా? గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలు మార్గం దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోయి దిగువమెట్ట దగ్గర నల్లమలలో దూరుతుంది. మీ అత్తయ్యగారిని కిటికీ పక్కన కూర్చోబెడితే మోకాళ్ళతో పనిలేకుండా అడవి మొత్తం చూస్తారు. మలుపు తిరిగేటప్పుడు మన రైలు ఇంజను మనకే కనిపిస్తుంది. సొరంగంలోకి పోగానే పెట్టెలోని పిల్లలంతా అరుస్తారు, పెద్దవాళ్ళూ అరుస్తారు గాని ఒప్పుకోరు. దొరబావి దగ్గర పాత మీటరుగేజి వంతెన ఉండేది. లోయ మీద పుల్లలతో కట్టినట్టు ఎత్తుగా ఉండేది. దాని మీద పోతూ కిందికి చూసిన మనిషి నంద్యాల దాకా మాట్లాడేవాడు కాదని మా నాన్న చెప్పేవారు.

నా సలహా: గిద్దలూరులో ఎక్కి నంద్యాలలో దిగి, టిఫిను తిని, తిరుగు రైలు ఎక్కండి. ఆ రోజు సమయాలు చూసుకొని మాత్రమే.

ఇసుకదారి | ఏప్రిల్ 26, రాత్రి 9:05

ఈయన పెళ్ళికి పిలిచినా రైలు మార్గమే చెబుతారు.

పెన్నాగట్టు | ఏప్రిల్ 27, ఉదయం 7:00

చాలా సంతోషం. ఆవకాయజాడీగారి మాట మా ఆవిడకు చదివి వినిపించాను. "ఆవిడ ఎవరో గాని మన ఇంటి మనిషి" అంది. భైరవకోన ఎవరూ ప్రస్తావించలేదు. ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా వెళ్ళవచ్చని విన్నాను. జలపాతంలో నీళ్ళుంటాయా?

దుర్గం_మెట్లు | ఏప్రిల్ 27, ఉదయం 8:22

నీళ్ళు ఏడాది పొడవునా ఉంటాయని అందరూ రాస్తారు. నిజమే, ఉంటాయి. రెండు వందల అడుగుల ఎత్తు నుంచి మే నెలలో ఎలా పడతాయంటే, జంధ్యప్పోగులా. స్నానం చేయడానికి వంతులు వేసుకోవాలి. కానీ భైరవకోనకు నీళ్ళ కోసం కాదు, గుహల కోసం వెళ్ళాలి. ఒకే కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చెక్కారు, ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. ద్వారపాలకుల నడుముల వంపు మీద ఉలి దెబ్బలు ఇంకా తెలుస్తాయి. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా గుహలో రాతి నేల చల్లగా ఉంటుంది. మన ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం గడపడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. పిల్లల మీద ఒక కన్నేసి ఉంచండి, చేతిలో అరటిపండు ఉంటే కోతులు నేరుగా వచ్చి తీసుకుంటాయి.

కంభం_మాస్టారు | ఏప్రిల్ 27, ఉదయం 9:00

పెన్నాగట్టూ, మా తమ్ముడిది ఊరి బయట మామిడి తోట ఉంది. బోరు ఉంది, తలుపున్న దొడ్డి ఉంది, కంచె ఉంది. కాయ కోత మొదలయ్యే రోజులు కాబట్టి రాత్రి కాపలా మనిషి కూడా ఉంటాడు. మీకు విడిగా సందేశం పంపాను. డబ్బు మాట ఎత్తితే మాత్రం తోట లేదు.

పెన్నాగట్టు | మే 17, రాత్రి 10:40

వెళ్ళి వచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, వచ్చాక రెండు రోజులు ఇల్లు సర్దుకోవడమే సరిపోయింది.

మొదటిరోజు తెల్లవారుజాము రెండున్నరకు నెల్లూరులో బయల్దేరాం. ఉదయగిరి కొండ నేనూ, బావమరిదీ, పాపా ఎక్కాం. మొత్తం కాదు. రెండో బురుజు దగ్గరే ఏడున్నర అయింది, నా చొక్కా పిండితే చెంబెడు చెమట. పాపకు ఇంకా పైకి వెళ్ళాలని ఉంది. మూడు లీటర్లలో సగం అయిపోయాయి కాబట్టి దిగుదాం అన్నాను, అలిగింది. కింద మా అత్తయ్య ఒక వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చొని, గరిటెలు చెక్కే ఇల్లాలితో సొంత వదినతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఒళ్ళో పదకొండు గరిటెలు. "ఇన్నెందుకండీ" అంటే, "పంచడానికి" అన్నారు.

పదింటికల్లా భైరవకోన. దుర్గం_మెట్లుగారు చెప్పింది అక్షరాలా నిజం. గుహ ముందు రాతి నేల మీద దుప్పటి పరిచి నాలుగు దాకా అక్కడే ఉన్నాం. పాలు పోసి కలిపిన పెరుగన్నం ఒంటిగంటకు సరిగ్గా తోడుకుంది. డబ్బా మూత తీయగానే మా ఆవిడ నా వైపు చూసి, "ఆవిడకు చెప్పండి" అంది, చెబుతున్నాను. మా వాడి చేతిలో అరటిపండు కోతి పట్టుకుపోయింది. వాడు ఏడవలేదు, దానికి తొక్క తీయడం వచ్చా రాదా అని చూస్తూ నిలబడ్డాడు. వచ్చు.

కనిగిరి మీదుగా కంభం చేరేసరికి చీకటి పడింది. డేరా వేయడానికి గంటన్నర. ఇంటర్నెట్‌లో అమ్మినవాళ్ళు మేకులు పన్నెండు అని రాసి ఎనిమిది పంపారు. ఆ ఎనిమిదీ ఎర్రమట్టి నేలలోకి రెండంగుళాలు దిగి వంగిపోయాయి. కాపలా పెద్దాయన కాసేపు చూసి, మాట్లాడకుండా వెళ్ళి గడ్డపార తెచ్చి గుంటలు పొడిచి, వెదురు మేకులు కొట్టి ఇచ్చాడు. అప్పుడు నిలబడింది. లోపల ఇడ్లీ పాత్రే, ఇసుకదారిగారి మాట అబద్ధం కాదు. పిల్లలు పది నిమిషాలు ఉండి బయటకు వచ్చేశారు. బావమరిది "గాలి ఆడుతోంది, బాగుంది" అంటూ ఇంకో పావుగంట పరువు కోసం ఉన్నాడు. చివరకు అందరం చెట్ల కింద నులక మంచాల మీదకు చేరాం. అక్కడ దోమలు.

అప్పుడు మా అత్తయ్య లేచారు. డేరాకు నాలుగు వైపులా గుడ్డ చుట్టి పైకి కట్టించారు, దోమతెర ఒక్కటే మిగిలేట్టు. బక్కెట్టు నీళ్ళు తెప్పించి చుట్టూ నేల తడిపించారు. లోపలికి నులక మంచం ఒకటి దూర్చమన్నారు, దూర్చాం. జిప్పు వేసుకున్నారు. పది నిమిషాల్లో గురక. మేం అయిదుగురం దోమలు కొట్టుకుంటూ ఆ గురక వింటూ పడుకున్నాం.

నాలుగున్నరకు మాస్టారుగారు టార్చిలైటు పట్టుకొని వచ్చి లేపారు. అయిదింటికి కట్ట మీద ఉన్నాం. నీరు తగ్గి ఉంది, అయినా చూపు ఆనినంత మేర అదే. మొదట వినిపించింది నీటికాకుల రెక్కల చప్పుడు, తరువాతే అవి కనిపించాయి. కొండ అంచు ఎర్రబడుతూ ఉంటే పుట్టి ఒకటి చప్పుడు లేకుండా నడిమికి పోయింది. అందులో మనిషి వల విసరలేదు, చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. గాలి చల్లగా ఉంది. మే పదిహేనున, కంభంలో, చల్లగా. మా పాప మాస్టారుగారిని అడిగింది: "నిన్న కొండ మీద వాళ్ళ నాన్నతో యుద్ధం చేసినాయనను పెళ్ళి చేసుకొని ఆవిడ ఇక్కడ చెరువు కట్టించిందా?" అవునన్నారు. "కోపం రాలేదా?" అంది. మాస్టారుగారు కాసేపు ఆలోచించి, "చరిత్రలో రాయలేదమ్మా" అన్నారు.

ఏడున్నరకు ఎండ చురుక్కుమంది. తోటకు వచ్చి, ముంజెలు తిని, ఎనిమిదిన్నరకు తిరుగు ప్రయాణం. రైలు ఎక్కలేకపోయాం, రెండోపెట్టెగారు క్షమించాలి.

ఆవకాయజాడీ | మే 18, ఉదయం 6:30

గురక దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను. నేల తడపడం మీ నలుగురు పెద్దవాళ్ళలో ఆవిడకే ఎందుకు తట్టిందో ఆలోచించండి. ఆరుబయట పడుకొని పెరిగిన మనిషి ఆవిడ ఒక్కరే కాబట్టి.

నల్లమల_బాట | మే 18, ఉదయం 7:15

నెగడు వేయలేదుగా?

పెన్నాగట్టు | మే 18, ఉదయం 7:20

లేదండీ. టీ కూడా ఫ్లాస్కులోదే.

రెండోపెట్టె | మే 18, ఉదయం 8:00

క్షమించలేదు. దసరా సెలవులకు రండి, గిద్దలూరులో నేనే ఎదురొస్తాను. అప్పటికి వానలు పడి అడవి పచ్చగా ఉంటుంది.

ఇసుకదారి | మే 18, ఉదయం 9:12

ఇంతకీ ఆ డేరా మీ బావమరిది అమ్ముతారా? మేకులు లేకపోయినా పరవాలేదు. వచ్చే జనవరిలో పులికాట్ వైపు పక్షులు చూడటానికి వెళ్దామనుకుంటున్నాం, చలికాలానికి పనికొస్తుంది.

పెన్నాగట్టు | మే 18, రాత్రి 9:45

డేరా మా దగ్గర లేదు. అత్తయ్య నిన్న బస్సులో ఊరికి పట్టుకెళ్ళారు, మేడ మీద వేయించుకున్నారట. ఏడు గరిటెలు మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళారు, అందులో ఒకటి మీకట.

ఇసుకదారి | మే 18, రాత్రి 9:50

చిన్న మూతిదైతే ఇవ్వమనండి. పులుసు గరిటె ఉంది.